మిలీనియం సిరీస్: 90 పేజీల దగ్గర ఆగిపోయాను. సినిమా చూశాక పుస్తకం చదవాలా?

పేజీ_మడిచినవాడు

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద స్వీడిష్ రచయిత స్టీగ్ లార్సన్ మిలీనియం థ్రిల్లర్ నవలలు మూడూ ఇంగ్లీషులో ఒకే కట్టగా దొరికాయి. మొదటిదాని అట్ట కొంచెం చిరిగింది, లోపల మాత్రం కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. డేవిడ్ ఫించర్ తీసిన 2011 సినిమా నేను రెండుసార్లు చూశాను. అంత ఇష్టం కాబట్టే వెంటనే కొనేశాను.

మొదటి నాలుగు పేజీలు అద్భుతం. 82వ పుట్టినరోజున ఒక ముసలాయనకు పోస్టులో అద్దం కట్టిన ఎండు పువ్వు వస్తుంది. ప్రతి ఏడాదీ అలాగే వస్తోంది. ఎవరు పంపుతున్నారో తెలియదు. ఆయన రిటైరైన పోలీసు అధికారికి ఫోన్ చేసి ఏడుస్తాడు. ఒళ్ళు జలదరించింది.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. పత్రికా విలేకరి మికాయెల్ మీద పరువునష్టం కేసు, వెన్నర్‌స్ట్రోమ్ అనే పెట్టుబడిదారు, పోలండ్‌లో ఫ్యాక్టరీ పెడతానని తీసుకున్న ప్రభుత్వ సొమ్ము, పడవలో కూర్చుని పాత స్నేహితుడు చెప్పే బ్యాంకు లెక్కలు. 90 పేజీలు చదివినా, ఇతరుల కంప్యూటర్లలోకి దూరే హ్యాకర్ అమ్మాయి లిస్బెత్, మికాయెల్ కలుసుకోనేలేదు. హంతకుడెవరో సినిమా వల్ల నాకు ముందే తెలుసు. ఇంకా 400 పేజీలకు పైగా ఉంది. చదవమంటారా, లేక స్వీడిష్ సినిమాలు చూసి సరిపెట్టుకోమంటారా?

గూటి_పెద్ద (నిర్వాహకులు)

మంచి ప్రశ్న. ఒక్క మనవి. ముగింపు గురించి రాసేవాళ్ళు దయచేసి ముందు ‘ముగింపు చెబుతున్నాను’ అని ఒక వరుస రాయండి. ఇక్కడ చదవని వాళ్ళూ ఉన్నారు.

నల్లకాఫీ

నా మాట వినండి, ఆ డబ్బు గొడవ చకచకా తిప్పేసి, ఆ ముసలాయన వాంగర్ కుటుంబం ఉండే హెడెబీ దీవికి వెళ్ళిపోండి. కథ అక్కడ మొదలవుతుంది. ఫించర్, స్క్రీన్‌ప్లే రాసిన స్టీవెన్ జైలియన్ చేసింది కూడా దాదాపు అదే. కోర్టు వ్యవహారాన్ని నిమిషాల్లో ముగించి మికాయెల్‌ని మంచులోకి తోసేశారు. ఎడిటింగ్‌కి ఆస్కార్ ఊరికే రాలేదు. పాత ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, ఆ కుటుంబంలో ఎప్పుడో మాయమైపోయిన పిల్ల హారియట్ ఊరేగింపు చూస్తుంటే ఆమె ముఖంలో భయం కనిపెట్టే భాగం చూడండి. మాట లేదు, వివరణ లేదు. అదే పనికి నవలలో చాలా పేజీలు పట్టాయి.

థ్రిల్లర్ అన్నాక వేగం ఉండాలి. లార్సన్ గొప్ప కథకుడే, కానీ ప్రతి శాండ్‌విచ్, ప్రతి కంప్యూటర్ మోడల్ నంబరు చెప్పకుండా ఉండలేడు.

అట్లతద్ది_ఉయ్యాల

నల్లకాఫీ గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. ‘తిప్పేయండి’ అన్న ఆ పేజీల్లోనే ఈ నవల దేని గురించో ఉంది.

ఈ పుస్తకానికి స్వీడిష్‌లో పెట్టిన పేరు ‘స్త్రీలను ద్వేషించే మగవాళ్ళు’. ఇంగ్లీషులోకి వచ్చేసరికి డ్రాగన్ పచ్చబొట్టు అమ్మాయి అయింది. పేరు మారగానే చదివేవాళ్ళ కళ్ళు ఆ అమ్మాయి మీదికి, ఆమె జుట్టు మీదికి, ఒంటి మీదికి వెళ్ళాయి. అసలు పేరు వేలెత్తి చూపించింది మగవాళ్ళను. ఒక్కో భాగం మొదట్లో లార్సన్ ఒక్కో లెక్క ఇస్తాడు. స్వీడన్‌లో 18 శాతం ఆడవాళ్ళు ఏదో ఒకప్పుడు మగవాడి బెదిరింపుకు గురయ్యారు. 46 శాతం మంది మీద మగవాళ్ళు చెయ్యి చేసుకున్నారు. చివరి భాగం ముందు, లైంగిక దాడికి గురైనవాళ్ళలో 92 శాతం మంది ఆఖరిసారి జరిగినదాన్ని పోలీసులకు చెప్పలేదని ఉంటుంది. హత్యల కథ చదువుతున్నానని కూర్చున్న నేను ఆ చివరి లెక్క దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. ఏ సినిమా ఆ పని చేయలేదు.

పేజీ_మడిచినవాడు

అక్కా, ఆ లెక్కలు నేను చూశాను కానీ ఏదో అలంకారం అనుకుని దాటేశాను. మళ్ళీ వెనక్కి వెళ్ళి చూస్తాను. కానీ వెన్నర్‌స్ట్రోమ్ లెక్కలకీ దీనికీ ఏమిటి సంబంధం?

మూడో_అంతస్తు

ముందు సినిమాల లెక్క చెప్పేస్తాను, మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు.

స్వీడిష్ సినిమాలు మూడూ 2009లోనే వచ్చాయి. మొదటిదానికి దర్శకుడు నీల్స్ ఆర్డెన్ ఒప్లెవ్, మిగతా రెండింటికి డేనియల్ ఆల్ఫ్రెడ్సన్. లిస్బెత్‌గా నూమి రాపాస్, మికాయెల్‌గా మికాయెల్ న్యుక్విస్ట్. చివరి రెండూ మొదట టీవీ కోసం అనుకున్నవి. మొదటిది బాగా ఆడేసరికి థియేటర్లకు తెచ్చారు, అందుకే వాటిలో ఆ తేడా కనిపిస్తుంది. 2010లో మూడింటినీ పొడిగించి, ఒక్కోటి గంటన్నర చొప్పున ఆరు భాగాలుగా స్వీడిష్ టీవీలో వేశారు. దొరికితే ఆ ఆరు భాగాలే చూడండి. ఆ తర్వాత ఫించర్ 2011. దానికి కొనసాగింపు రాలేదు. 2018లో ఏకంగా నాలుగో నవలకు దూకి క్లేర్ ఫోయ్‌తో ఇంకొకటి తీశారు. అందులో లిస్బెత్ గూఢచారి సినిమా హీరోలా ఉంటుంది. నాకు నచ్చలేదు.

నల్లకాఫీ

ఫించర్ సినిమా మన దగ్గర థియేటర్లకు రాలేదు, గుర్తుందా? 2012లో రావాల్సింది. సెన్సార్ బోర్డు కొన్ని సన్నివేశాలు తీసేయమంది, ఫించర్ కుదరదన్నాడు, సోనీ వాళ్ళు భారతదేశంలో విడుదలే మానుకున్నారు. నేను ఆ వారం ఆఫీసులో సెలవు కూడా అడిగి పెట్టుకున్నాను. చివరికి చాలా రోజుల తర్వాత స్నేహితుడి గదిలో చిన్న కంప్యూటర్ మీద చూడాల్సి వచ్చింది.

అట్లతద్ది_ఉయ్యాల

బ్యూర్మన్ సన్నివేశాల గురించే కదా. అవి చూడటం చాలా కష్టం, నిజమే. కానీ తీసేస్తే మిగిలేది ఏమిటి? లిస్బెత్‌కు చట్టం పెట్టిన సంరక్షకుడు ఈ బ్యూర్మనే ఆమెను పీడించాడు. బ్యాంకు ఖాతా అతని చేతిలో ఉంది, ఆమె మాట నమ్మేవాళ్ళు లేరు. ఆ నేరం కనబడకపోతే తర్వాత ఆమె చేసినదంతా ఉత్త పిచ్చిలా కనిపిస్తుంది. నేను మాత్రం ఆ పేజీలు రెండోసారి చదవలేదు, చదవలేను కూడా.

సోడెర్మాల్మ్_తెలుగు

ఈ చర్చ చూసి లాగిన్ అయ్యాను. ఎనిమిదేళ్ళుగా స్టాక్‌హోంలో ఉంటున్నాను, ఊరు మాత్రం తెనాలి. వచ్చిన కొత్తలో ఇక్కడి ప్రభుత్వం వలస వచ్చినవాళ్ళకు ఉచితంగా నేర్పే స్వీడిష్ తరగతుల్లో చేరాను. రెండేళ్ళకు కాస్త ధైర్యం వచ్చి ఈ మూడు నవలలూ స్వీడిష్‌లో మొదలుపెట్టాను. ఒక్కో పేజీకి పది నిమిషాలు పట్టేది. అందుకే ప్రతి వాక్యం గుర్తుండిపోయింది.

పేర్ల గురించి అక్క చెప్పింది మొదటి పుస్తకం వరకు పూర్తిగా నిజం. రెండోదాని పేరు స్వీడిష్‌లోనూ ‘నిప్పుతో ఆడుకున్న అమ్మాయి’ అనే. మూడోదే నాకు అన్నిటికన్నా ఇష్టం: ‘లుఫ్ట్‌స్లాట్టెట్ సోమ్ స్ప్రెంగ్డెస్’. లుఫ్ట్ అంటే గాలి, స్లాట్ అంటే కోట. మన గాలిమేడే! ‘పేల్చేసిన గాలిమేడ’ అని అర్థం. రహస్య పోలీసుల లోపల ఎవరికీ జవాబు చెప్పకుండా దశాబ్దాలు నడిచిన ఒక చిన్న ముఠా, వాళ్ళు కట్టుకున్న అబద్ధాల మేడ, చివరికి అది కూలడం. ఇంగ్లీషు పేరులో కందిరీగల తుట్టె తన్నిన అమ్మాయి మిగిలింది, మేడ పోయింది.

ఇక వెన్నర్‌స్ట్రోమ్ లెక్కలు ఎందుకన్న ప్రశ్న. ఇక్కడ కొన్నాళ్ళు ఉంటే తప్ప నాకూ అర్థం కాలేదు. స్వీడన్‌లో 1766 నుంచి ఒక చట్టం ఉంది. ప్రభుత్వ కాగితాలు ఎవరైనా వెళ్ళి అడిగి చూడొచ్చు. ఎవరు ఎంత సంపాదించారో, ఎంత పన్ను కట్టారో కూడా తెలుసుకోవచ్చు. మా ఆఫీసులో ఇది మామూలు విషయం. అలాంటి దేశంలో, అన్ని కాగితాలూ తెరిచి ఉన్నచోట, ఒక ధనవంతుడు ప్రభుత్వ సొమ్ము మింగినా పత్రికలు చూడలేదు. ఒక పెద్ద కుటుంబంలో ఆడపిల్లలకు ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. ఒక పిల్లను పన్నెండేళ్ళప్పుడు పిచ్చాసుపత్రిలో కట్టేసిన సంగతి ఫైళ్ళలో భద్రంగా ఉంది, కానీ ఆ ఫైలు తెరిచేవాళ్ళు లేరు. లార్సన్ కోపం ఈ మూడింటి మీదా ఒక్కటే. అందుకే ఆయన కథలో తుపాకీ కన్నా రసీదు, పాత ఫొటో, కంపెనీ లెక్కల పుస్తకం ఎక్కువ పని చేస్తాయి.

ఆయన పాతికేళ్ళ పని కూడా అదే. టీటీ అనే వార్తాసంస్థలో గ్రాఫిక్స్ వేస్తూ, మిగతా సమయమంతా నయా నాజీ ముఠాల మీద ఆధారాలు పోగేశాడు. 1995లో ‘ఎక్స్‌పో’ పత్రిక పెట్టినవాళ్ళలో ఒకడు. నవలలోని మిలీనియం పత్రిక ఆఫీసులో ఎప్పుడూ డబ్బు కటకట ఉంటుంది చూడండి, అది ఊహించి రాసింది కాదు.

సెలవు రోజుల్లో మా ఊరి నుంచి వచ్చిన వాళ్ళను ఆ వీధుల్లో తిప్పుతుంటాను. మికాయెల్ ఇల్లు బెల్మన్స్‌గాటన్ 1, ఎత్తు మీద ఉంటుంది. కింద నీళ్ళు, అవతలి ఒడ్డున సిటీ హాల్. పత్రిక ఆఫీసు యోట్‌గాటన్ ఎత్తు మీద. లిస్బెత్ తర్వాత కొన్న పెద్ద ఇల్లు ఫిస్కర్‌గాటన్ 9. తలుపు మీద ఆమె పెట్టుకున్న పేరు ‘వి. కుల్లా’. ఇక్కడి పిల్లలెవరైనా ఠక్కున పట్టేస్తారు. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పిప్పి కథల్లో పిప్పి ఇంటి పేరు విల్లా విల్లెకుల్లా. అమ్మా నాన్నా దగ్గర లేకుండా, ఎవరి మాటా వినకుండా, ఒంటరిగా ఉండే బలమైన పిల్ల పిప్పి. ఆ పిల్ల పెద్దదైతే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచే లిస్బెత్ పుట్టిందని లార్సనే చెప్పాడు. మికాయెల్‌ని ఏడిపించే ‘కాల్లె బ్లూమ్‌క్విస్ట్’ కూడా లిండ్‌గ్రెన్ రాసిన కుర్ర డిటెక్టివ్ పేరే. ఇంగ్లీషు సినిమాలో ఈ పిప్పి వాసన పూర్తిగా పోయింది.

పేజీ_మడిచినవాడు

సోడెర్మాల్మ్ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ‘గాలిమేడ’ మాట చదివాక మూడో పుస్తకం ముందు మొదలుపెట్టాలనిపించింది. రేపటి నుంచి రోజూ ముప్పై పేజీలు. మాట.

లాయరుగారి_గుమస్తా

ఒక సందేహం. ఆయన పోయాక పుస్తకాల డబ్బు ఆయనతో ఉన్నావిడకు ఒక్క రూపాయి రాలేదని విన్నాను. నిజమా? అంత హక్కులున్న దేశంలో అదెలా?

సోడెర్మాల్మ్_తెలుగు

నిజమే. లార్సన్ 2004 నవంబరు 9న పోయాడు. ఆఫీసు ఏడో అంతస్తులో, లిఫ్టు పనిచేయడం లేదు, మెట్లెక్కి వెళ్ళాక గుండెపోటు వచ్చింది. వయసు 50. అప్పటికి మూడు రాతప్రతులూ నూర్‌స్టెట్స్ ప్రచురణ సంస్థకు ఇచ్చేశాడు, ఒక్క పుస్తకం కూడా అచ్చులో చూసుకోలేదు. 2005, 2006, 2007లో వరుసగా వచ్చాయి. 2010లో అమెజాన్ కిండిల్ మీద పది లక్షల ప్రతులు అమ్ముడైన మొదటి రచయిత ఆయనే.

ఎవా గాబ్రియెల్సన్, ఆయన 32 ఏళ్ళు కలిసి బతికారు, పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటే చిరునామా బయటికి వస్తుందని, నాజీ ముఠాల బెదిరింపుల మధ్య అది ప్రమాదమని ఆవిడ చెప్పింది. పైన కాగితాలు అందరికీ తెరిచి ఉంటాయని చెప్పానే, దాని ఇంకో ముఖం ఇది. ఇక్కడ చట్టంలో కలిసి ఉన్నవాళ్ళకు ఇంటి సామానులో వాటా ఉంటుంది కానీ వారసత్వం రాదు. 1977లో రాసిన ఒక విల్లు దొరికింది కానీ సాక్షి సంతకాలు లేవు, చెల్లలేదు. ఆస్తి, రచనల హక్కులు తండ్రికీ తమ్ముడికీ వెళ్ళాయి.

లాయరుగారి_గుమస్తా

సాక్షి సంతకం! మా ఆఫీసులో రోజూ మొత్తుకునే మాటే ఇది. మనసు కలత పడింది.

మూడో_అంతస్తు

అందుకే తర్వాత వచ్చిన నవలలు నేను ముట్టుకోలేదు. 2015, 2017, 2019లో డేవిడ్ లాగర్‌క్రాంట్జ్ మూడు రాశారు. 2022లో కారిన్ స్మిర్నాఫ్ అందుకున్నారు. గాబ్రియెల్సన్ వద్దంటుంటే ఆ పాత్రతో ఇంకొకరు రాయడం నాకు మింగుడు పడలేదు.

అట్లతద్ది_ఉయ్యాల

స్మిర్నాఫ్‌ది చదివాను నేను. లిస్బెత్‌ని మొదటిసారి ఒక స్త్రీ రాయడం కోసం చదివాను. లార్సన్‌లో లేని ఒక విషయం ఉంది అక్కడ, ఆమెకు ఒక పిల్ల బాధ్యత మీద పడుతుంది. ఉత్తర స్వీడన్ చలి కూడా బాగా రాశారు. హక్కుల విషయంలో మీ కోపం నాకూ ఉంది. పుస్తకాన్ని మాత్రం చదివి చెప్పండి.

నల్లకాఫీ

మళ్ళీ మొదటి నవలకు వస్తాను. ముగింపు చెబుతున్నాను, చదవనివాళ్ళు దాటేయండి.

హంతకుడు మార్టిన్ చావు మూడు చోట్లా మూడు రకాలు. నవలలో లిస్బెత్ మోటారుసైకిల్ మీద తరుముతుంది, అతనే కారుని ఎదురుగా వచ్చే లారీ కిందకి పోనిస్తాడు. స్వీడిష్ సినిమాలో కారు బోల్తాపడి, అతను లోపల ఇరుక్కుని సాయం అడుగుతాడు. ఆమె కాపాడగలిగీ నిలబడి చూస్తుంది, చిన్నప్పుడు తండ్రి మీద పెట్రోలు పోసిన జ్ఞాపకం అక్కడే వస్తుంది. ఫించర్‌లో ఆమె మికాయెల్‌ని ‘చంపనా?’ అని అడిగి బయల్దేరుతుంది. నాకు ఫించర్‌దే ఇష్టం. ఆ ఒక్క ప్రశ్నలో ఆమెకు మొదటిసారి ఒకరి మీద నమ్మకం కుదిరిందని తెలుస్తుంది.

అట్లతద్ది_ఉయ్యాల

నాకైతే ఆ ప్రశ్నే నచ్చలేదు. లిస్బెత్ ఎవరి అనుమతీ అడగదు. నూమి రాపాస్ కళ్ళల్లో ఉన్నది నిర్ణయం, ఫించర్ సినిమాలో లిస్బెత్ వేసిన రూనీ మారా కళ్ళల్లో గాయం. మారా నటన తక్కువదని కాదు, ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కానీ నేను పుస్తకంలో చూసిన మనిషి నూమి.

ఇంకో తేడా చూడండి. హారియట్ డైరీలో పేర్ల పక్కన ఉన్న అంకెలు బైబిల్ వాక్యాలని నవలలో పట్టుకునేది మికాయెల్ కూతురు పెర్నిల్లా, ఊరికే చూసి వెళ్తూ వెళ్తూ చెబుతుంది. ఫించర్ అలాగే ఉంచాడు. స్వీడిష్ సినిమాలో లిస్బెత్తే అతని కంప్యూటర్లోకి దూరి, జవాబు కనిపెట్టి మెయిల్ పంపుతుంది. కథను మార్చారు, కానీ ఇద్దరూ కలవడానికి ఎంత బలమైన కారణం దొరికిందో! ఇక్కడ మాత్రం సినిమా నవల కన్నా బాగా చేసిందని ఒప్పుకుంటాను.

నల్లకాఫీ

సరే, ఇది ఒప్పుకుంటున్నాను. ఆ మెయిల్ సీను నాకూ ఇష్టం.

మూడో_అంతస్తు

హారియట్ ఆచూకీ కూడా. నవలలో, స్వీడిష్ సినిమాలో ఆస్ట్రేలియాలో గొర్రెల పెంపకం మధ్య దొరుకుతుంది. ఫించర్ లండన్‌లోనే తేల్చేశాడు. దూరం తగ్గేసరికి నలభై ఏళ్ళ అజ్ఞాతం బరువు తగ్గిపోయింది. ఎర్రమట్టిలో జీపు దిగి ఆవిడ ఎదురుగా నిలబడటం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

పేజీ_మడిచినవాడు (పంతొమ్మిది రోజుల తర్వాత)

పూర్తయింది! నిన్న రాత్రి ఒంటిగంటకు. ఆఖరి వంద పేజీలు ఒకే ఊపులో.

ముగింపు గురించే రాస్తున్నాను.

హంతకుడు ముందే తెలుసు కాబట్టి సస్పెన్స్ ఉండదని భయపడ్డాను. దాని బదులు ఇంకో టెన్షన్ పట్టుకుంది. మార్టిన్ మికాయెల్‌ని భోజనానికి పిలిచి నవ్వుతూ మాట్లాడుతుంటే ప్రతి మంచి మాటకీ కడుపులో తిప్పింది. తెలియకుండా చదివితే ఇది దొరికేది కాదు.

నన్ను ఆపేసింది మాత్రం ఆ తర్వాతి భాగం. మార్టిన్ నేలమాళిగలో అంతమంది ఆడవాళ్ళ ఆనవాళ్ళు దొరికాక, నిజాలు రాయడమే వృత్తిగా బతికిన మికాయెల్ ఆ ఒక్క నిజాన్ని రాయకుండా దాచేయాల్సి వస్తుంది. హారియట్ కోసం. అతనికి అది ఎంత నరకమో! అప్పుడు లిస్బెత్ చనిపోయినవాళ్ళ తరఫున నిలబడి, బాధిత స్త్రీల ఆశ్రయాలకు వాంగర్ కంపెనీ డబ్బివ్వాలని షరతు పెడుతుంది. వెన్నర్‌స్ట్రోమ్ లెక్కలు ఎందుకో అక్కడ అర్థమైంది. ఒక దొంగ డబ్బు కథ దేశమంతా చదివింది. ఆ ఆడవాళ్ళ కథ ఎక్కడా అచ్చు కాలేదు.

ఇంకొకటి. సినిమాలో చివర లిస్బెత్ మికాయెల్ కోసం తోలు జాకెట్ కొంటుంది. పుస్తకంలో ఎల్విస్ బొమ్మ ఉన్న పాత రేకు బోర్డు! ఎందుకు పనికొస్తుందో తెలియని ఆ వస్తువు ఆమె ఎంత ఆలోచించి కొనిందో, దాన్ని చెత్తకుండీలో పడేసేటప్పుడు నాకు జాకెట్ కన్నా ఎక్కువ బాధేసింది.

అట్లతద్ది_ఉయ్యాల

తమ్ముడూ, ఆ ‘ఎక్కడా అచ్చు కాలేదు’ అన్న వాక్యం కోసమే నేను ఇన్నాళ్ళుగా ఈ పుస్తకం అందరికీ ఇస్తున్నాను. రెండోదానిలో మొదట కరిబియన్ దీవిలో తుఫాను, లిస్బెత్ చేతిలో గణితం పుస్తకం ఉంటాయి. అది తిప్పేయకండి.

నల్లకాఫీ

తిప్పేయమని నేనూ చెప్పను ఈసారి. నేను వెన్నర్‌స్ట్రోమ్ భాగం రాత్రి మళ్ళీ తీశాను. నలభై పేజీలయింది.

సోడెర్మాల్మ్_తెలుగు

మూడోదానికి వచ్చినప్పుడు కోర్టు భాగం ఒక సెలవు రోజుకి దాచుకోండి. లిస్బెత్ లాయరు ఆనికా, చిన్నప్పుడు ఆమెను పిచ్చాసుపత్రిలో కట్టేయించిన డాక్టరుని ప్రశ్నలడగడం మొదలుపెట్టాక మధ్యలో లేవలేరు. గుమస్తా గారికి కూడా అదే చెబుతున్నాను.

పేజీ_మడిచినవాడు

రెండోది తెరిచాను. గ్రెనడాలో గాలి మొదలైంది.